ముందు అవ్వ, తర్వాతే ఆపిల్

పిల్లలకు బొమ్మలు నేర్పడం గురించి మన దగ్గర గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఒకటి ఉంది. ముందు గీత నిలవాలి. గీత నిలిచాక గుండ్రం, గుండ్రం కుదిరాక ఆపిల్ పండు, పండు తర్వాత పువ్వు, పువ్వు తర్వాత చెట్టు, ఆపైన 'సీనరీ'. మనిషి బొమ్మ అన్నిటికన్నా చివర. అది కష్టం, పెద్దయ్యాక చూద్దాం అంటారు. గద్వాలలో ఎండాకాలం సెలవుల్లో శిబిరం పెట్టే మాస్టారిదీ ఇదే మాట. వనపర్తిలో బిడ్డను డ్రాయింగ్ క్లాసుకు పంపే తల్లిదీ, నాగర్‌కర్నూల్‌లో ప్రైవేటు బడి నడిపే కరస్పాండెంటుదీ ఇదే మాట. ఎదురు చెప్పినవాళ్ళు లేక అది సత్యమై కూర్చుంది. నా ఉద్దేశంలో ఆ వరుస మొదటి నుంచి చివరిదాకా తలకిందులు. పిల్లలకు కళ పరిచయం కావాల్సింది మనుషుల బొమ్మలతోనే. చూడటమూ అవే ముందు, గీయడమూ అవే ముందు. ముఖ్యంగా కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన నడిగడ్డలో, మన పాలమూరు ఊళ్ళలో.

ఆ వరుసలో చేరిన పిల్లలు నాలుగేళ్ళు నేర్చుకున్నాక ఏం గీస్తున్నారో మొదట చూద్దాం. ఏ స్వాతంత్ర్య దినోత్సవం పోటీకైనా వెళ్ళి, నేల మీద పరిచిన డ్రాయింగ్ షీట్ల మధ్య నడిచి చూడండి. రెండు కొండలు. వాటి సందులోంచి తొంగిచూసే సూర్యుడు, చుట్టూ గడియారం ముళ్ళలాంటి కిరణాలు. కొండ కింది నుంచి వంకర్లు తిరుగుతూ వచ్చే ఏరు. ఏటి పక్కన ఎర్ర పెంకుల ఇల్లు, ఇంటి పక్కన కొబ్బరి చెట్టు. పైన నాలుగు పక్షులు, అన్నీ ఒకే టిక్కు మార్కు. గీసినవాడు ఐజలో పుట్టినా, పెబ్బేరులో పుట్టినా, అచ్చంపేటలో పుట్టినా అదే కొండ, అదే కొబ్బరి చెట్టు. మన ఊళ్ళ చుట్టూ గుండ్లు పేర్చినట్టుండే గుట్టలున్నాయి, చెలకలున్నాయి, తుమ్మలూ వేపలూ ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఆ కాగితం మీదికి రాదు. పిల్లవాడు చూసి గీయలేదు మరి. నేర్పిన కొండను దించాడు. ఎనభై షీట్లలో ఒకటి మొదటి బహుమతి ఎట్లా అవుతుందో నాకు ఎప్పుడూ అంతుపట్టదు. రంగు గీత దాటనిదానికే ఇస్తారనుకుంటాను.

ఈ వరుసను సమర్థించేవాళ్ళ వాదన బలహీనమైనదేమీ కాదు. సంగీతంలో సరళీ స్వరాలు దాటకుండా కీర్తనకు పోతామా అని అడుగుతారు. చెయ్యి కుదరని పిల్లవాడికి ముఖం గీయమని ఇస్తే కన్ను ఒకచోట, ముక్కు ఒకచోట పడి, పక్కవాళ్ళు నవ్వి, వాడు పెన్సిలే పక్కన పెట్టేస్తాడంటారు. ఈ భయం నిజమైనదే. కానీ సరళీ స్వరాలు పట్టకముందు ఆ పిల్ల జోలపాట వినే పెరిగింది, బతుకమ్మ పాటకు చప్పట్లు కొట్టింది, పాట అంటే ఏమిటో తెలిశాకే స్వరాల దగ్గరికి వచ్చింది. బొమ్మల్లో మనం స్వరాలను ముందు పెట్టి, పాట అసలు వినిపించకుండా ఏళ్ళు గడుపుతున్నాం. ఇక 'మనిషి కష్టం' అనే మాట ఎవరి వైపు నుంచి వచ్చిందో ఆలోచించండి. అది పెద్దవాళ్ళ కష్టం. మూడేళ్ళ పిల్లకు బొగ్గుముక్క, బండ దొరికితే ఏం గీస్తుంది? మొదట గజిబిజి గీతలు. కొన్నాళ్ళకు ఒక గుండ్రం. ఆ గుండ్రంలో రెండు చుక్కలు పడతాయి, దాని కింది నుంచి రెండు కాళ్ళు దిగుతాయి. మెడ లేదు, పొట్ట లేదు, తలలోంచే కాళ్ళు. "ఎవరే ఇది?" అంటే "అవ్వ" అంటుంది. ఆపిల్ పండు అనదు.

ఇది మన ఊరి ముచ్చట మాత్రమే అనుకోవద్దు. ఇటలీలో కొర్రాడో రిచ్చి అనే ఆయన పిల్లల బొమ్మలను పోగుచేసి, వాటి మీద 1887లోనే పుస్తకం వేశాడు. ఆ పుస్తకంలోనూ తలలోంచి కాళ్ళు మొలిచిన మనుషులున్నారు. అమెరికాలో ఫ్లోరెన్స్ గుడినఫ్ 1926లో పిల్లల తెలివిని కొలవడానికి ఒక పరీక్ష తయారుచేస్తూ, ఏ పిల్లవాడినైనా గీయమనగలిగిన వస్తువు ఏదా అని చూసి మనిషినే ఎంచుకుంది. మనిషికి చెవులున్నాయా, వేళ్ళు అయిదున్నాయా అని 51 అంశాలకు మార్కులు వేసిన ఆ లెక్క నాకు నచ్చదు. బొమ్మను చూడాల్సిన తీరు అది కాదు. కానీ ఆమె ఎంపికలోని వివేకాన్ని కాదనలేం. అంతకన్నా వెనక్కి పోతే, పుట్టి నిమిషాలే గడిచిన పసికందులు కూడా గజిబిజి చుక్కల అట్టకన్నా ముఖంలా అమర్చిన అట్ట వైపు ఎక్కువగా తల తిప్పుతారని 1975లో పరిశోధకులు చూపించారు. పిల్ల లోకంలోకి వస్తూనే వెతికేది ముఖాన్ని. చేతికి పట్టు దొరకగానే గీసేదీ ముఖాన్నే. ఆ పిల్ల బడికి రాగానే మనం చేసే మొదటి పని ఆ ముఖాన్ని పక్కన పెట్టించి పండును చేతికివ్వడం. అది కూడా మన చెట్టుకు కాయని పండు. సీతాఫలం అయినా కాదు.

మరి ఈ వరుస ఎక్కడి నుంచి వచ్చింది? మన సంప్రదాయంలోంచి అని చాలామంది అనుకుంటారు, కానీ కాదు. 1850ల్లో లండన్‌లో హెన్రీ కోల్, రిచర్డ్ రెడ్‌గ్రేవ్ అనే ఇద్దరు ప్రభుత్వ కళా పాఠశాలలన్నిటికీ కలిపి 23 మెట్ల డ్రాయింగ్ పాఠక్రమం రాశారు. మొదట స్కేలూ కంపాసుతో గీతలు, తర్వాత అచ్చు చూసి ఆకులూ లతల అలంకారాలు, తర్వాత ఘనాకారాలు. మనిషి ఆ మెట్లెక్కి పోగా పోగా ఎదురవుతాడు. వాళ్ళకు అందులో తప్పులేదు, ఎందుకంటే వాళ్ళకు కావాల్సింది కళాకారులు కారు. ఫ్యాక్టరీలకు, బట్టల మిల్లులకు, పింగాణీ కంపెనీలకు నమూనాలు గీసే నమ్మకమైన చేతులు కావాలి. అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు 1850లో మద్రాసులో కళాశాల తెరిచిన నాటి నుంచి ఆ చూపే సముద్రం దాటి ఇక్కడికి పాకింది. దాని వాసన మన డ్రాయింగ్ గదిలో ఇంకా పోలేదు. బల్ల మీద కూజా, పక్కన డబ్బా, ముందు ఒక పుస్తకం. 'మోడల్ డ్రాయింగ్' అంటే ఇదే. గదిలో నలభై మంది మనుషులు కూర్చుని ఉంటారు, అందరూ కూజానే చూస్తుంటారు.

వనపర్తి వాళ్ళకు ఇది ఇంకా తేలిగ్గా అర్థం కావాలి. రాజావారి ప్యాలెస్‌లో 1959లో పాలిటెక్నిక్ మొదలైనప్పటి నుంచి ఆ ఊళ్ళో 'డ్రాయింగ్' అంటే టీ స్క్వేరు, మినీ డ్రాఫ్టర్, బోల్టూ నట్టూ. ఆ విద్య ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగించిందో నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయను. నా గొడవంతా ఆరేళ్ళ పిల్లకు కూడా బోల్టు గీసే క్రమశిక్షణనే ఆపిల్ పండు వేషంలో ఇవ్వడం గురించి.

'కొలతలు తప్పుతాయి' అన్నది రెండో అభ్యంతరం. మనిషి ఎత్తు ఏడున్నర తలలు ఉండాలి, కళ్ళు తల మధ్యలో ఉండాలి, అది రాకుండా మనిషిని గీస్తే తప్పు అలవాటవుతుందంటారు. ఈ ఏడున్నర తలల మనిషి ఎవరు? ఒక కాలపు యూరపు చదువులో నిలబెట్టిన మనిషి. మన శిల్పులకూ కొలత ఉంది, దాని పేరు తాలమానం. ముఖం పొడవు ఒక తాలం, అంటే పన్నెండు అంగుళాలు. దేవుడికి తొమ్మిది తాలాలు ఇస్తారు, వినాయకుడికి అయిదే ఇస్తారు. ఆయన పొట్టిగా, ముద్దుగా, పెద్ద తలతో ఉండాలి కాబట్టి. అంటే ఎవరిని చెక్కుతున్నామన్నదే కొలతను నిర్ణయిస్తుంది. తోలుబొమ్మల్లో చూడండి, ముఖం పక్కకు తిరిగి ఉన్నా కన్ను నిండుగా ఎదురుగా ఉంటుంది. చేర్యాల నకాషీ పటాల్లో ఎర్రటి నేల మీద కళ్ళు ఇంతింత. బాపు గీసిన బుడుగు ఒళ్ళెంత, తలెంత? దాన్ని చూసి తెలుగు దేశంలో ఎవరైనా కొలత తప్పిందన్నారా? అవ్వ బొమ్మలో చేతులు మోకాళ్ళ దాకా వచ్చాయంటే, ఆ పిల్లకు అవ్వ చేతులతోనే పని ఎక్కువ. అన్నం పెట్టేవి, జడ వేసేవి, అప్పుడప్పుడు వీపు మీద పడేవి అవే కదా.

ఇప్పుడు అలంపురం సంగతి మాట్లాడాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఈ మూడు జిల్లాల పిల్లలకు కళ నేర్పేవాడు అలంపురం ఊసెత్తకుండా ఆపిల్ పండు గీయిస్తున్నాడంటే నాకు కోపం వచ్చేది ఇక్కడే. బాదామి చాళుక్యుల కాలపు తొమ్మిది బ్రహ్మల గుళ్ళు, ఏడు ఎనిమిది శతాబ్దాల నాటివి, తుంగభద్ర ఒడ్డున గద్వాల జిల్లాలోనే ఉన్నాయి. శ్రీశైలం నీటిలో మునిగిపోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడే కట్టారు. ఏటా బడి పిల్లల బస్సులు వస్తాయి. జోగులాంబ దర్శనం, బాలబ్రహ్మేశ్వరుడి దర్శనం, పులిహోర పొట్లం, నది దగ్గర గ్రూపు ఫోటో, తిరిగి బస్సు. మిగతా బ్రహ్మల గోడల మీద పదమూడు వందల ఏళ్ళుగా నిలబడి ఉన్న మనుషుల ముందు నుంచి ఆ వరుస ఆగకుండా వెళ్ళిపోతుంది. ఆగితే ఆగేది పరీక్షకు వచ్చే ముక్క దగ్గర. ఎవరు కట్టించారు, ఏ శతాబ్దం, శిఖరం నాగర పద్ధతా కాదా. చెక్కిన మనిషి ముఖం ఎట్లా ఉందో ఏ పేపర్లోనూ అడగరు.

స్వర్గబ్రహ్మ గుడి దగ్గరికి రండి. వినయాదిత్యుడి కాలంలో కట్టింది. తొమ్మిదింటిలో శిల్పాల సంపద దీనిదే అని నా లెక్క. దీని గోడల మీద ఆకాశంలో పోతున్న గంధర్వ జంటలున్నాయి. వాటికి రెక్కలు లేవు. అయినా ఎగురుతున్నారని చూసిన వెంటనే తెలుస్తుంది. ఎట్లా తెలుస్తుంది? ఇదే ప్రశ్న నాలుగో తరగతి పిల్లలను అడగాలి. కాళ్ళ వైపు వాళ్ళే వేలు చూపిస్తారు. కాళ్ళు మోకాలి దగ్గర వెనక్కి మడిచి ఉన్నాయి, కింద ఆనిన పాదం లేదు. నడుము ఒక పక్కకు తిరిగింది, ఛాతీ ఇంకో పక్కకు. రాయిలో గాలిని చెక్కడం ఎవరి వల్లా కాదు, గాలికి మనిషి ఒళ్ళు ఏమవుతుందో చెక్కొచ్చు, ఆ శిల్పి చేసింది అదే. ఇప్పుడు పిల్లలను అట్లా నిలబడమనండి. ఒంటికాలి మీద తూలతారు, నవ్వుతారు, ఒకరి మీద ఒకరు పడతారు. శిల్పం ఏమిటో వాళ్ళ నడుముకూ మోకాలికీ తెలిసింది. ఇక కాగితం ఇవ్వండి. వాళ్ళు గీసే మనిషి గంధర్వుడిలా ఉండడు, వంకరగా ఉంటాడు, కానీ కదులుతాడు. కర్రలా బిగుసుకుపోయిన మనిషిని ఆ పిల్ల ఇక గీయదు. ఒక్క శిల్పం ముందు పావుగంట చాలు దీనికి. ఆపిల్ పండు ముందు పావుగంట కూర్చుంటే ఆకలేస్తుంది, అంతే.

ఇక్కడ కొందరు గొంతు తగ్గించి చెప్పే అభ్యంతరం ఒకటుంది. గుళ్ళ మీద బొమ్మలకు బట్టలు సరిగా ఉండవు, పిల్లలకు ఎట్లా చూపిస్తాం అని. అలంపురం మ్యూజియంలో ప్రసిద్ధమైన లజ్జాగౌరి శిల్పం ఉంది, తలకు బదులు పద్మం, ప్రసవించే భంగిమ. పాఠం అక్కడే మొదలుపెట్టమని ఎవరూ అనడం లేదు. నూరు బొమ్మలున్న చోట ఏ వయసుకు ఏది అన్నది టీచరు ఎంచుకోవచ్చు. కానీ ఆ శిల్పం ముందుకు పిల్ల వచ్చి "ఇదేంది మేడమ్?" అంటే, "బిడ్డను కనే అమ్మవారు, సంతానం కావాలనుకునేవాళ్ళు మొక్కేవాళ్ళు" అని మామూలు గొంతుతో చెప్పడానికి ఇబ్బంది ఏమిటి? ఆ పిల్ల ఇంట్లో అక్క పురుడు చూసి ఉంటుంది, మేక ఈనడం చూసి ఉంటుంది. చేతిలో ఫోను ఉన్న ఇంటి నుంచి వచ్చే పిల్లలను చాళుక్యుల శిల్పం నుంచి కాపాడే మన జాగ్రత్త చూస్తే నాకు నవ్వొస్తుంది. మనిషి ఒంటిని గౌరవంగా చూడటం ఎక్కడైనా నేర్పాలి కదా. గుడి గోడకన్నా మంచి చోటు చెప్పండి, అక్కడికే పోదాం.

మనిషి బొమ్మను వెనక్కి నెట్టడం వల్ల జరిగే అసలు నష్టం ఎక్కడ ఉందో రంగుల డబ్బా తెరిస్తే కనబడుతుంది. క్రేయాన్లలో పలచటి గులాబీ, నారింజ కలిసిన రంగొకటి ఉంటుంది. మన బడుల్లో దాని పేరు 'స్కిన్ కలర్'. "అరే, స్కిన్ కలర్ ఇవ్వరా?" అని పిల్లలు ఒకరినొకరు అడుక్కుంటారు. అడిగిన చెయ్యి చామనఛాయ, ఇచ్చిన చెయ్యి నల్లన. ఇద్దరిలో ఎవరి చర్మమూ ఆ రంగులో లేదు. అయినా ఇద్దరూ అమ్మ ముఖానికి ఆ రంగే పూస్తారు. పాలమూరు ఎండలో పొద్దంతా పత్తి ఏరే అమ్మ కాగితం మీద లండన్ దొరసాని అయిపోతుంది. అమెరికాలో క్రేయోలా కంపెనీ తన డబ్బాలోని 'ఫ్లెష్' అనే రంగుకు 1962లోనే 'పీచ్' అని పేరు మార్చింది. మనం మాత్రం ఇంకా పాత పేరునే నోట నానబెడుతున్నాం. ఇది మాస్టార్లు కావాలని చేస్తున్నది కాదు. మనిషి బొమ్మ మీద వాళ్ళు ఎప్పుడూ పాఠం చెప్పలేదు కాబట్టి ఈ ప్రశ్న వాళ్ళ ముందుకు రాలేదు. పండు ఎర్రగా ఉంటుంది, ఆకు పచ్చగా ఉంటుంది, అక్కడ గొడవ లేదు. మనిషి ఏ రంగులో ఉంటాడన్న గొడవ మనిషిని గీస్తేనే వస్తుంది. గోధుమ, నలుపు, కొంచెం ఎరుపు, కొంచెం పసుపు కలిపి తన ముంజేతి పక్కన పెట్టి సరిచూసుకున్న పిల్ల, రంగుల గురించి ఎంత నేర్చుకుంటుందో తన గురించి అంత నేర్చుకుంటుంది.

తోట వైకుంఠం బొమ్మలు ఈ పిల్లలకు చూపించాలి. 1942లో కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో పుట్టినవాడు. ఆయన తెలంగాణ ఆడవాళ్ళు ముదురు రంగు చర్మంతో, పెద్ద బొట్టుతో, ఒంటి నిండా నగలతో, ఎవరికీ జంకని చూపుతో కాన్వాసు నిండా కూర్చుంటారు. ఆ నలుపుకు ఆయన క్షమాపణ అడగలేదు. మన కరస్పాండెంట్లు గోడకు మోనాలీసా ప్రింటు కడతారు. కట్టనివ్వండి, మంచి బొమ్మే. కానీ మోనాలీసా పక్కన వైకుంఠం గీసిన ఆడమనిషి ఉంటే, 'వెల్డన్' అని మేడమ్ పొగడ్త కోసం చూసే పిల్ల ఒక్కసారి "ఈమె మా పెద్దమ్మ తీరుగుంది" అంటుంది. కళ పరిచయం అయ్యిందనడానికి నాకు అంతకన్నా గుర్తు అక్కర్లేదు.

ఇంకో సంగతి, దీన్ని పైపైన దాటిపోలేను. పాలమూరు మనిషి బొమ్మ ఇప్పటికే చాలాసార్లు గీయబడింది, మనం గీసింది తక్కువ. నెత్తిన మూట, చంకన బిడ్డ, పగిలిన నేల, బస్సు టాపు మీద వలస. ఆ బొమ్మ అబద్ధం కాదు. వలస అబద్ధం కాదు. కానీ ఎన్నేళ్ళయినా అదొక్కటే బొమ్మయితే, ఆ ముఖంలో ఆకలి తప్ప మనిషి కనబడడు. నల్లమల చెంచులది ఇంకా అన్యాయం. మానవ శాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ చెంచుల మీద పుస్తకం వేసింది 1943లో, అందులోని ఫోటోలు ఆనాటి మనుషులవి. పోటీల్లో 'గిరిజనులు' అని అంశం ఇస్తే మన పిల్లలు ఈనాటికీ ఆకుల లంగా, ఈకల కిరీటం గీస్తారు. ఆ ఈకల కిరీటం ఏ సినిమాలోదో. మన్ననూరు సంతలో చెంచు మనిషి చొక్కా వేసుకుని, ఫోను పట్టుకుని, తేనె ధర గురించి బేరం చేస్తాడు. ఆ మనిషిని ఎదురుగా చూసి గీసిన పిల్లకు ఈకల కిరీటం ఇక ఎక్కదు. చెంచు పిల్లే తన నాయనను గీస్తే మనం చూడాల్సింది ఇంకా ఎక్కువ ఉంటుంది.

పని చేసే మనుషులు కళకు పనికొచ్చే వస్తువా అని అనుమానం ఉన్నవాళ్ళకు నందలాల్ బోస్‌ను గుర్తుచేస్తాను. 1938 హరిపుర కాంగ్రెస్ సభకు గాంధీ అడిగితే ఆయన గీసి పెట్టిన పటాల్లో డోలు కొట్టేవాడు, వడ్రంగి, దర్జీ, ఊరి మనుషులు. ఆయన దగ్గర శాంతినికేతన్‌లో చదువుకున్న దేవీప్రసాద్, 1944 నుంచి సేవాగ్రాంలో పల్లె పిల్లలకు ఏళ్ళ తరబడి బొమ్మలు నేర్పి, చదువుకు పునాది కళే అని పుస్తకం రాశాడు. గద్వాలలో వడ్రంగి కన్నా ముందు మగ్గం మనిషి కనబడతాడు. గుంట మగ్గంలో కాళ్ళు కింద, ఒళ్ళు పైన. నేసేవాడి నడుము నేల మట్టానికి ఉంటుంది, అందుకే ఆ బొమ్మ గీయడానికి పిల్ల మొదటిసారి బుర్ర గోక్కుంటుంది, కాళ్ళెక్కడ పెట్టాలి అని. నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసే చీరకు ఇద్దరు కూర్చుంటారు. నాడె ఒకరి చేతి నుంచి వస్తే ఇంకొకరి చెయ్యి ఎదురుచూస్తూ ఉంటుంది. ఇద్దరూ ముఖాలు చూసుకోరు, నాడెనే చూస్తారు. ఇంత ఉంది గీయడానికి. ఆ ఇంటి పిల్లను కూర్చోబెట్టి మనం కూజా గీయిస్తున్నాం. సీడు పత్తి చేలల్లో పొద్దున్నే క్రాసింగ్ చేసే ఆడవాళ్ళ వేళ్ళు, పువ్వును పువ్వుకు తాకించే ఆ రెండు వేళ్ళ పట్టు, ఏ చిత్రకారుడైనా గీయాలని తపించే చెయ్యి అది. గీయడానికి మాత్రమే చేలోకి పోవాలి పిల్లలు, పనికి కాదు. ఈ మాట నడిగడ్డలో గట్టిగానే చెప్పాలి.

ఈ నేల మీద పుట్టిన మిగతా కళలన్నీ మనిషితోనే మొదలైనవి. లింగాల మండలం అవుసలికుంట నుంచి వచ్చి 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర పట్టి పాడేది పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ. కొండా కోనా కాదు, మనుషుల కథలు. ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాస్తూ రాజుల వంశాలను పక్కకు నెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని వెతికాడు. తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దానికే వచ్చింది. పాటలో మనిషి, చరిత్రలో మనిషి, గుడి గోడ మీద మనిషి. బొమ్మల క్లాసులో మాత్రం మనిషికి ప్రవేశం లేదు.

ముస్లిం ఇళ్ళ పిల్లల సంగతేమిటని అడిగేవాళ్ళున్నారు, అడగాల్సిందే. మనిషి రూపం గీయకూడదని నమ్మే కుటుంబాలు మన ఊళ్ళలో ఉన్నాయి. వాళ్ళ పిల్లను బలవంతపెట్టడం అన్యాయం. ఆ పిల్ల అమ్మ చేతి గాజులు గీయొచ్చు, తాత కండువా మడత గీయొచ్చు, ఖాళీ అయిన కుర్చీ గీయొచ్చు. మనిషిని చూడటం అప్పుడూ ఆగదు. అన్ని ఇళ్ళూ ఒకేలా ఆలోచిస్తాయని కూడా అనుకోనక్కర్లేదు. బీజాపూర్‌లో రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా కొలువులో గీసిన ముఖచిత్రాలు ఈ దక్కన్ గర్వపడేవి.

ఇక టీచర్లు లేరు, సమయం లేదు, పదో తరగతి మార్కులు అనే మాటకు ఎక్కువ సమాధానం అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలులో నూరు మంది దాటిన ప్రాథమికోన్నత బడికి కళా విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని రాసి ఉంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం కూర్చున్న బృందం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి కావాలంది. కాగితం మీద ఉన్నది అడిగి తెచ్చుకోవడం తల్లిదండ్రుల పని, యూనియన్ల పని. కానీ టీచరు పోస్టు నిండినా, వచ్చినవాడు బల్ల మీద మళ్ళీ ఆపిల్ పెడితే ఏం ఒరిగింది?

చివరిగా మిగిలేది నవ్వులపాలు భయం. "మనిషిని గీస్తే నవ్వుతరు సార్" అని పిల్లలే అంటారు, నిజంగానే నవ్వుతారు. ఎందుకు నవ్వుతారంటే, ఏళ్ళ తరబడి బొమ్మ అంటే అచ్చు గుద్దినట్టు రావాలని నేర్పాం కాబట్టి. గీత దాటని ఆపిల్‌కు బహుమతి ఇచ్చిన చోట వంకర ముక్కు అవ్వ తప్పుగానే కనబడుతుంది. కళా విద్యా నిపుణుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లోనే, రంగులు నింపే పుస్తకాలకు అలవాటు పడిన పిల్లలు తమ బొమ్మ మీద తామే నమ్మకం పోగొట్టుకుంటారని రాశాడు. మన పోటీల నిర్వాహకులు ఒక్క ఏడాది ఆ 'సీనరీ'ని అంశాల్లోంచి తీసేసి, 'మా ఇంట్లో ఒకరు' అని ఇచ్చి చూడాలి. షీట్లు నేల మీద పరిచినప్పుడు ఏ రెండూ ఒకేలా ఉండవు. జడ్జీలకు మొదటిసారి పని పడుతుంది. నాకు తెలిసి వాళ్ళు అభ్యంతరం చెప్పేది దానికే.